పాత దూది అన్నావు

నవంబరు 8, శుక్రవారం

పాత దూది కలిపానన్నాడు. నా తమ్ముడు ఇషాక్. వాడి కూతురు సిద్దికా నిఖా రోజున, మూడొందల మంది బంతిలో కూర్చుని తింటూ ఉండగా, నేను కుట్టిన పరుపు మీద చెయ్యి పెట్టి మరీ అన్నాడు. పదకొండున్నరేళ్లయింది. అప్పటి నుంచి మాకు మాటల్లేవు. వాడి గడప నేను తొక్కలేదు, నా గడప వాడు తొక్కలేదు.

నేను కలపలేదు. దర్శిలో దూదేకుల బుడాన్ పరుపులో పాత దూది కలిపాడని ఇంకెవడూ అనలేదు. అనలేడు. యాభై రెండేళ్లుగా దూది ఏకుతున్నాను. విల్లు మీద ఏకాను, మిషను మీద ఏకాను. చుట్టుపక్కల పది ఊళ్లలో నా పరుపు మీద కాపురం మొదలుపెట్టిన వాళ్లకి మనవలు పుట్టారు. ఈ సంగతి మొదటి పేజీలోనే రాసి పెడుతున్నాను.

ఈ పుస్తకం ఒంగోలు ఆసుపత్రిలో నర్సమ్మ ఇచ్చింది. రోజూ జ్వరం ఎంత, ఏం తిన్నాను, విరేచనం ఎన్నిసార్లు, అన్నీ రాయాలట. గళ్లు గీసి ఇచ్చింది. గళ్లు చిన్నవి, నా అక్షరాలు పట్టవు. నలభైకి దగ్గరపడ్డాక రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు, పెద్దగానే ఉంటాయి. గళ్లు ముందు పేజీల్లో నింపుతాను. నా మాటలు వెనక నుంచి రాసుకుంటాను. వెనక్కి తిప్పి చూడొద్దని నస్రత్‌కి చెప్పాను. నస్రత్ నా కూతురు. రెండు వీధుల అవతల జాకెట్లు కుట్టుకుంటూ బతుకుతోంది. ఈ ఆసుపత్రి తిరుగుడంతా దాని నెత్తిన పడింది.

నెల కిందట పెద్ద పేగులో గడ్డ తీశారు. జానెడు పేగు పోయింది. మిగిలింది చాలు. ఈ నెల 26, మంగళవారం కీమో మొదలు. మూడు వారాలకోసారి, ఎనిమిది సార్లు. ఆలోపు గుండె స్కాను తీయించాలి. పుచ్చిపోయిన పన్ను పీకించాలి. మందు ఎక్కించడానికి ఛాతీలో చర్మం కింద చిన్న డబ్బీ పెట్టించుకోవాలి. కాచిన నీళ్లే తాగాలి. దూది దుమ్ము దగ్గరికి పోకూడదు. కారం తగ్గించాలట. ప్రకాశం జిల్లాలో పుట్టినవాడితో ఆ మాట అన్నదంటే ఆ డాక్టరమ్మకి గుండెధైర్యం ఉంది. వయసు చూస్తే నస్రత్ కంటే చిన్నది. మెచ్చుకున్నాను.

జ్వరం లేదు. భయం లేదు.

నవంబరు 9, శనివారం

మా ఆవిడ అమీర్‌బీ గోడ మీద నుంచి పొరుగింటామెతో అంటోంది, "మా ఆయనకి ఆస్పత్రిలో ఖీమా పెడతారంట, ఎనిమిది సార్లు."

"కీమోనే, కీమో" అన్నాను లోపల్నుంచి.

"ఏదో ఒకటి. పెట్టినదానికి వంక పెట్టకుండా ఉంటే చాలు" అంది.

నవంబరు 11, సోమవారం

గుండె స్కానుకి ఒంగోలు పోయాం, నేనూ నస్రత్. దర్శి బస్సు కర్నూలు రోడ్డు మీదుగానే పోతుంది. ఇషాక్ కొట్టు ఆ రోడ్డు మీదే. ఫోము పరుపులు అమ్ముతాడు. దూదేకినవాడి కొడుకు ఫోము అమ్ముతున్నాడు. నేను ఆ వైపు చూడను. బోర్డుకి కొత్తగా నీలం రంగు వేయించాడు. గుమ్మం ముందు పరుపులు చుట్టలు చుట్టి నిలబెట్టాడు, పదకొండు. చూడలేదు.

గుండె బాగుందన్నారు. ఆ సంగతి నాకు ముందే తెలుసు.

తర్వాత డాక్టరమ్మ కాగితం ముందేసుకుని అడిగింది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటిది వచ్చిందా, తాతగారూ?"

"రాలేదు" అన్నాను.

"మా నాయనమ్మ కడుపునొప్పితో పోయిందండీ" అంది నస్రత్. నేను గుడ్లురిమి చూశాను. ఆగలేదు. "ఆర్నెల్లు రక్తం పడిందని మా అమ్మ చెప్తుంటుంది."

"ఎన్నేళ్లకి పోయారు?"

"యాభై ఆరు" అన్నాను. అది నాకు తెలుసు కదా. అడిగితే చెప్పాలి.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. నాకు తోబుట్టువులెందరో అడిగింది. ఒక్కడేనని చెప్పాను.

"ఆయన్ని వెంటనే పేగు టెస్టు చేయించుకోమనండి. గొట్టం వేసి చూస్తారు. మీ అమ్మగారికి ఉన్నదే మీకు వచ్చి ఉండొచ్చు, ఆయనకీ ఉండొచ్చు. చిన్న పిలకగా ఉన్నప్పుడు దొరికితే అక్కడికక్కడే తుంచేస్తారు. కోత ఉండదు, కీమో ఉండదు. మీరు రెండేళ్లు రక్తాన్ని మొలలనుకుని ఊరుకున్నారు. ఆయన్ని ఊరుకోనివ్వకండి. నస్రత్ గారూ, మీరూ చేయించుకోవాలి."

నస్రత్ అక్కడే తన పేరు రాయించింది. తమ్ముడికి ఎవరు చెప్తారని అడిగింది డాక్టరమ్మ.

"నేను చెప్తాను" అన్నాను. "ఇంకెవరూ చెప్పక్కర్లేదు."

నవంబరు 12, మంగళవారం

చెప్పలేదు. విల్లు నారి వదులైంది, బిగించాను. రోజంతా పట్టింది.

నవంబరు 13, బుధవారం

ఆదెయ్య వచ్చాడు. పత్తి రైతు. చిన్నప్పటి నుంచీ ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్లం. మొదటి తీతలో వచ్చిన పత్తి సంచిలో తెచ్చాడు, గింజ తీయించి.

"ఏరా బుడానూ, జుట్టు ఊడుద్దంటగా?"

"ఊడటానికి ఉన్నదెంతరా?"

"అదీ నిజమే. మందుకి సగం పని తగ్గించావు." నులక మంచం మీద కూలబడ్డాడు. "వేళ్లు తిమ్మిరెక్కుతాయని చెప్పింది నస్రత్. నిజమేనా?"

నిజమే. ఈ మందుకి వేలి కొసలు మొద్దుబారతాయట. చల్లనీళ్లు తగిలితే ముళ్లు గుచ్చినట్టు ఉంటుందట. కొందరికి మందు ఆపినా తగ్గదట. దబ్బనం పట్టే వేళ్లు ఇవి. కళ్లు మూసుకుని పోగు పట్టుకుంటే అది ఏ పొలం దూదో చెప్పే వేళ్లు. ఆదెయ్యతో ఇవన్నీ అనలేదు.

"వేళ్లు నావి. నేను చూసుకుంటా" అన్నాను.

"ఇషాక్‌కి చెప్పావా?"

"ఏం చెప్పాలి?"

"నీకు బాగోలేదని."

"నాకు బాగోలేదని ఎవడన్నాడు?"

వాడు పడీ పడీ నవ్వాడు. "నిన్ను గోతిలో దించేటప్పుడు గూడా, నాకు బాగానే ఉంది దించబాకండి అంటావురా నువ్వు."

వాడు చూస్తుండగానే విల్లు తీసి ఆ పత్తి కాస్త ఏకాను. ఆసుపత్రి వాళ్లు వద్దన్నారు. అయినా ఏకాను. నారి మోగితే వీధిలో పోయేవాళ్లు ఆగారు. ఈ చప్పుడు విని పదేళ్లయిందిరా అన్నాడు ఆదెయ్య. మిషను వచ్చాక విల్లెవడు పడతాడు? నేను పడతాను.

కుట్ల దగ్గర కొంచెం సలుపు. మంచం తప్పు.

నవంబరు 14, గురువారం

పన్ను పీకారు. నొప్పి లేదు.

నొప్పి ఉంది గానీ చెప్పుకునేంత కాదు.

ఇంటికొచ్చేసరికి నస్రత్ మొదలుపెట్టింది. "నాయనా, చిన్నాయనకి ఫోను చేశావా?"

"చేస్తా."

"ఎప్పుడు? మూడు రోజులయింది. పోనీ నేను చెప్తా."

"నువ్వు నోరెత్తావంటే కీమో లేదు ఏమీ లేదు. ఇదే మంచం మీద పడుంటా."

"ఎందుకయ్యా అంత పంతం?" అంది అమీర్‌బీ పొయ్యి దగ్గర నుంచి. "మీ పంతం కోసం వాడి పేగులు ఆగుతాయా?"

"ముందు వాడు ఆ మాట వెనక్కి తీసుకోవాలి. నేను పాత దూది కలపలేదు."

అమీర్‌బీ గరిటె పక్కన పెట్టి నా ముందుకు వచ్చి నిలబడింది. యాభై ఏళ్లు కాపురం చేసిన మనిషి. "కలిపావుగా" అంది.

నస్రత్ నా వైపు చూసింది. నేను బయటికి వచ్చేశాను.

నవంబరు 15, శుక్రవారం

కలపలేదు. పెట్టాను. గుప్పెడు.

కలపడం వేరు, పెట్టడం వేరు. కలపడమంటే పాత దూదిని ఏకి కొత్తదానిలో కనపడకుండా చేసి తూకానికి అమ్మడం. అది దొంగపని. నేను గుప్పెడు పాత దూదికి ఎర్రదారం చుట్టి, తలవైపు మూలలో పెట్టి కుట్టాను. దారం చుట్టి ఎవడన్నా కల్తీ చేస్తాడా?

అది అమ్మ పరుపులో దూది. అమ్మ పోయే ముందు నాతో అంది, "నా పరుపు తగలబెట్టబాకురా. విప్పి ఏకి దాచు. నా మనవరాళ్ల పెళ్లి పరుపుల్లో తలా గుప్పెడు పెట్టు. పడుకునేవాళ్లకి మాత్రం చెప్పబాకు." వాళ్లమ్మ కూడా అలాగే చేసిందట. అప్పటికి ఇషాక్ ఒంగోలులో పనిలో ఉన్నాడు. మట్టి వేయడానికే వచ్చాడు. వాడికి ఈ సంగతి తెలియదు. నస్రత్ పెళ్లి పరుపులో పెట్టాను. సిద్దికా పరుపులో పెట్టాను.

ఆ రోజు పెళ్లివారిలో ఒక పెద్దమనిషి పరుపు తడిమి చూశాడు. తలవైపు చేతికి గడ్డలా తగిలింది. కత్తి పెట్టి కుట్టు తెంచాడు, దారం కూడా తెగింది. పసుపుపచ్చగా మారిన దూది బయటికి లాగి అందరికీ చూపించాడు. ఇషాక్ మొహం నల్లబడింది. "అన్నా, నా బిడ్డ పరుపులో పాత దూది కలిపావా?" అన్నాడు.

నేనేం చెప్పాలి? చచ్చిపోయిన ఆవిడ పరుపులోదని చెప్పనా? పెళ్లిపీటల దగ్గర, అత్తవారి ముందు? ఆ పిల్లని జన్మంతా దెప్పేవాళ్లు. దానికంటే పాత దూది అన్న మాటే నయం. ఆ మాట నా నెత్తిన వేసుకున్నాను. జేబులో దబ్బనం తీశాను. ఆ దూదికి దారం మళ్లీ చుట్టి లోపల పెట్టి, అందరూ చూస్తుండగా కుట్టేశాను. తొమ్మిది కుట్లు. ఒక్క కుట్టు వంకర పోలేదు. చెయ్యి కడుక్కుని, అన్నం ముట్టకుండా నడుచుకుంటూ బస్టాండుకి వచ్చాను.

అంత గొప్పగా ఇంకెవడన్నా చేసి ఉండేవాడా?

నవంబరు 16, శనివారం

చెప్పలేదు.

నవంబరు 17, ఆదివారం

ఆదివారం వాడి కొట్టుకి సెలవు. అందుకని చెప్పలేదు.

నవంబరు 18, సోమవారం

ఛాతీలో డబ్బీ పెట్టే రోజు. ముందు బీపీ చూశారు. నూట ఎనభై. నర్సమ్మ మళ్లీ చూసింది. నూట ఎనభై రెండు.

"తాతగారూ, టెన్షన్ పడుతున్నారా?"

"మీ మిషను పడుతోంది" అన్నాను.

గంటసేపు పడుకోబెట్టి మళ్లీ చూసి, అప్పుడు లోపలికి తీసుకుపోయారు. మెడ కింద కోసి చింతగింజ కంటే కాస్త పెద్దది పెట్టి కుట్టారు. కుట్లు మొత్తం నాలుగు. దారం సన్నం, పని శుభ్రంగా ఉంది. కుట్టిన డాక్టరుతో ఆ మాట చెప్పాను. మీరేం పని చేస్తారని అడిగాడు. చెప్పాను. అయితే పెద్ద మెప్పే అన్నాడు. పెద్ద మెప్పే.

బయటికి వచ్చాక డాక్టరమ్మ ఎదురుపడింది. "తమ్ముడికి చెప్పారా?"

"చెప్పాను. వెళ్తానన్నాడు."

ఎలా వచ్చిందో ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. డాక్టరమ్మ సంతోషంగా నా భుజం తట్టింది. నస్రత్ నేల చూస్తూ నిలబడింది.

బస్సు ఎక్కి టికెట్టు తీసుకున్నాక నస్రత్ అంది. "పరుపులో కల్తీ చేయలేదన్నావు. మాటలో చేశావుగా, నాయనా."

చెయ్యెత్తి కొట్టే వయసు కాదు దానిది. కొట్టే మాట కూడా కాదు అది.

బస్సు ఇషాక్ కొట్టు ముందు ఆగింది, ఎదురుగా గేదెలు అడ్డం వచ్చాయి. ఇషాక్ ఒక చుట్ట పరుపు ఎత్తి ఆటోలో పెట్టబోయి, మధ్యలో దించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. చిక్కిపోయాడు. బెల్టు చివర జానెడు వేలాడుతోంది. చిన్నప్పుడు వాడు తిండిపోతు. నా పళ్లెంలోది కూడా తినేవాడు.

చూశాను. ఈసారి చూశానని రాస్తున్నాను.

నవంబరు 19, మంగళవారం

సరిగ్గా వారం ఉంది.

సిద్దికా ఫోను చేసింది. ఇషాక్ కూతురు, ఆ పరుపు పిల్ల. అద్దంకిలో ఉంటుంది. దానికి ఇప్పుడు ఇద్దరు బిడ్డలు. అప్పుడప్పుడు నస్రత్‌తో మాట్లాడుతుందని తెలుసు. ఆ పెళ్లి తర్వాత నాతో ఇదే మొదటిసారి.

"పెదనాయనా, నేను సిద్దికాని. నస్రత్ అక్క చెప్పింది నీకు ఆపరేషన్ అయిందని. నాన్నకి చెప్పలేదులే, భయపడబాక."

"నేనెందుకు భయపడతా?"

"అదేలే. నువ్వు భయపడవు." నవ్వింది. నవ్వు అచ్చం మా అమ్మది. "నీకో సంగతి చెప్పాలి. పోయిన వేసవిలో నా పరుపు మళ్లీ ఏకించా."

"ఏ పరుపు?"

"నువ్వు కుట్టిందే. ఇంట్లో అందరూ ఫోముకి మారారు. నాకు దాని మీద తప్ప నిద్ర పట్టదు. ఏకే ఆయన విప్పి, తలవైపు ఎర్రదారం చుట్టిన గుప్పెడు దూది తీశాడు. ఇదేందమ్మా, పారేయనా అన్నాడు. వద్దన్నా. ఎక్కడిది అక్కడే పెట్టి కుట్టమన్నా."

"ఎందుకు?"

"ఏమో పెదనాయనా. నువ్వు ఊరికే పెట్టవుగా."

ఫోను చెవి దగ్గర నుంచి తీసి కాసేపు మోకాలి మీద పెట్టుకున్నాను. లైన్లో శబ్దం సరిగా లేదు.

మళ్లీ చెవి దగ్గర పెట్టుకుని అది ఎవరిదో చెప్పాను. పడుకునేవాళ్లకి చెప్పొద్దని అమ్మ అంది. పదకొండేళ్లు పడుకుంది కదా, ఇక ఫరవాలేదు. సిద్దికా అడిగింది, "మరి నాన్నకి ఎందుకు చెప్పలేదు?"

"పెళ్లివారి ముందు ఎట్టా చెప్తా?"

"ఆ రోజు సరే. మర్నాడు?"

రాత్రి బడిలో పంతులు లెక్క అడిగినప్పుడు ఇలాగే కూర్చునేవాణ్ణి.

టెస్టు సంగతి కూడా చెప్పాను. దానికి గొంతు మారింది. "నాన్నకి మధ్యమధ్యలో కడుపులో పట్టేస్తోంది. గ్యాసు అంటాడు. మాత్ర వేసుకుంటాడు."

"అయితే నువ్వు చెప్పు. ఇప్పుడే చెప్పు" అన్నాను. ఇంకెవరూ చెప్పక్కర్లేదన్నవాణ్ణి నేనే.

"నేను చెబితే వినడు. డాక్టరు దగ్గరికి పదమంటే మూడు నెలల నుంచి రేపు రేపు అంటున్నాడు. నువ్వు చెబితే వింటాడు. నీ మీద కోపంతో అయినా వింటాడు. నువ్వే చెప్పాలి, పెదనాయనా."

కోపంతో అయినా వింటాడట. ఆ మాట బాగుంది.

నవంబరు 20, బుధవారం

పొద్దున్నే గడ్డం గీసుకుని, చొక్కా మార్చుకుని ఫోను చేశాను. చొక్కా ఎందుకయ్యా, ఫోనులో కనపడతావా అంది అమీర్‌బీ.

నంబరు బోర్డు మీద చూసి రాసుకున్నదే. బోర్డు చూడలేదని ముందు రాశాను. అది తప్పు.

మూడు మోతలకి ఎత్తాడు. "హలో, చెప్పండి. ఏ సైజు కావాలండీ?"

"ఆరు బై నాలుగు" అన్నాను.

"ఎన్ని అంగుళాల మందం చూడమంటారండీ? ఎవరి కోసం? పెద్దవాళ్ల కోసమా?"

పెట్టేశాను.

పదకొండేళ్ల తర్వాత తమ్ముడితో నేను మాట్లాడిన మొదటి మాట ఆరు బై నాలుగు. వాడు నా గొంతు గుర్తుపట్టలేదు. పన్ను పీకారు కదా, గాలి పోతోంది. అందుకే అయి ఉంటుంది. అమీర్‌బీ వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తర్వాత అదే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఎందుకో అడగలేదు.

నోటితో నా వల్ల కాదు. రాస్తాను. నాకు రాయడం వచ్చు. మా ఇంట్లో ఆ తరంలో రాయడం వచ్చింది నాకూ వాడికే.

నవంబరు 21, గురువారం

నాలుగు కాగితాలు పాడయ్యాయి. అయిదోది కుదిరింది. నస్రత్ ఆసుపత్రికి ఫోను చేసి ఇషాక్ పేరు రాయించింది. రేపు మొదటి బస్సుకి వెళ్లి ఉత్తరం వాడి చేతిలో పెట్టి, చదివేదాకా ఎదురుగా నిలబడాలని చెప్పాను. ఫొటో తీసి ఫోనులో పంపిస్తానంది. వద్దన్నాను. ఫోనులో అయితే బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటాడు. నేను ఇలా రాయలేదని రేపు వాడు అనకుండా ఇక్కడ మళ్లీ ఎక్కిస్తున్నాను.

ఒరే ఇషాకూ,

నేను బుడాన్‌ని. నిన్న ఆరు బై నాలుగు అడిగి ఫోను పెట్టేసింది నేనే. నాకు పరుపు అక్కర్లేదు.

నాకు పెద్ద పేగులో క్యాన్సరు. పోయిన నెలలో కోసి తీశారు. వచ్చే మంగళవారం కీమో మొదలు. చూడ్డానికి రమ్మని రాయడం లేదు. జాలిపడి వచ్చేటట్టయితే రావొద్దు.

అమ్మ కడుపునొప్పితో పోయిందని నీకు చెప్పాం. సగమే చెప్పాం. ఆర్నెల్లు రక్తం పోయింది. ఇషాక్ పని మానుకుని వస్తాడు, వాడికి చెప్పబాకండి అంది అమ్మ. చెప్పలేదు. నేనూ రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు. నాకు అమ్మ పోలిక. అమ్మకి వచ్చిందే నాకు వచ్చి ఉంటుందని డాక్టరమ్మ అంటోంది. నీకూ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. లోపల చూస్తే గానీ తెలియదు. చిన్నదిగా ఉండగానే దొరికితే తుంచేస్తారట, నాలా కోయించుకోనక్కర్లేదట. ఈ మాట నాకు తెలిసి పది రోజులయింది. పది రోజులు నీకు చెప్పకుండా కూర్చున్నాను. అది నా తప్పు. ఒప్పుకుంటున్నాను. నేను తప్పు ఒప్పుకున్న కాగితం ఇదొక్కటే, దాచుకో.

సిద్దికా పరుపులో నువ్వు చూసింది అమ్మ పరుపులో దూది. మనవరాళ్లకి తలా గుప్పెడు పెట్టమని అమ్మ నాతో చెప్పి పోయింది. పెళ్లివారి ముందు ఆ మాట ఎలా చెప్తాను? మర్నాడు నీకు చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. నలుగురిలో నన్ను ఆ మాట అన్నావు. అడిగి తెలుసుకోలేదు. ఆ తగువు మనిద్దరం కూర్చుని తేల్చుకోవాలి. గట్టిగా తేల్చుకోవాలి. దానికి ఇద్దరం బతికి ఉండాలి.

గ్యాసు మాత్రలు ఆపు. బస్సులో నుంచి నిన్ను చూశాను. బెల్టు చూశాను. గ్యాసుతో మనిషి అంత చిక్కడు.

సోమవారం పొద్దున తొమ్మిది గంటలకి నీ పేరు రాయించాం. ఆదివారం అంతా ఏం తినాలో, ఏం తాగాలో నస్రత్ నీకు రాసి ఇస్తుంది. గొట్టం అంటే భయపడబాకు. నాకు వేశారు, నేను చావలేదు. కొట్టు ఒక్కరోజు మూస్తే ఒంగోలులో జనం నేల మీద పడుకోరు.

మంగళవారం నేను కీమో కుర్చీలో కూర్చునేటప్పటికి నీ సంగతి తేలి ఉండాలి. ఎనిమిది సార్లు సూది పొడిపించుకుంటాను, నాకు లెక్కలేదు. అది ఎక్కుతున్నంతసేపు నీ కడుపులో ఏముందా అని మాత్రం కూర్చోలేను. అది నా వల్ల కాదు.

పోతావా, పోవా? నాకు జవాబు కావాలి. నస్రత్‌తో చెప్పి పంపితే ఒప్పుకోను. మీ వదినతో చెబితే ఒప్పుకోను. సిద్దికా చేత చెప్పిస్తే అసలు ఒప్పుకోను. నీ నోటితో నాకు చెప్పాలి. తిట్టాలనుంటే ముందు తిట్టి, తర్వాత చెప్పు. ఎంతసేపు తిట్టినా ఈసారి ఫోను పెట్టేయను.

శనివారం పొద్దుగూకేలోపు చెప్పు.